నేత షెడ్డులో నాలుగు గంటలు

జూలై 8, సోమవారం

సముద్రం పక్క హోటల్ వాళ్ళు చేతులెత్తేశారు. అక్టోబర్‌లో మనకిచ్చిన తొమ్మిది రోజులూ హాలు ఏదో కంపెనీ మీటింగుకు ఇచ్చేశారట. జూనియర్ చదరంగం టోర్నమెంటుకు నూట ఇరవై మంది ఆడపిల్లలు వస్తున్నారు. బోర్డులున్నాయి, గడియారాలున్నాయి, తీర్పులు చెప్పే ఆర్బిటర్ ఉంది. కూర్చోవడానికి చోటు లేదు.

తమ్ముడు పొద్దున్నుంచి ఫోను దించలేదు. చదరంగం సంఘానికి వాడు సెక్రటరీ. నేను వాడి ఆఫీసులో ఉత్తరాలు రాస్తాను, ఫైళ్ళు చూస్తాను. జిరాక్స్ షాపు మీద రెండు గదులు. వాడి కేకలకి కింద షాపతను మెట్ల దాకా వచ్చి, సార్‌కి ఇవాళ ఎవరు చెక్ పెట్టారమ్మా అని అడిగాడు.

ఏదో ఒక దారి చూపించు తండ్రీ అనుకుని కొత్త ఫైలు తెరిచాను.

జూలై 10

మధ్యాహ్నం చెల్లి వచ్చింది. అది టూరిజం ఆఫీసులో పని చేస్తుంది. పోటీలు కావాలనుకునే ఊళ్ళనీ, చోటు కావాలనుకునే పోటీలనీ కలపడం దాని ఉద్యోగం. స్పోర్ట్ టూరిజం పార్ట్‌నర్‌షిప్ అంటుంది అది. సంబంధాలు కుదిర్చే పని అంటాడు తమ్ముడు.

మూడు అప్లికేషన్లు తెచ్చింది. ఒకటి కాలేజీ ఆడిటోరియం. ఒకటి కొండ మీద రిసార్ట్. మూడోది మూతపడ్డ బట్టల మిల్లు. రిసార్ట్‌కి చూపులు కూడా అక్కర్లేదు పెద్దక్కా, సంతకం పెట్టేయడమే అంది. మరి మూడోది ఎందుకు తెచ్చావే అని తమ్ముడు అడిగాడు. రూలు ప్రకారం మూడుండాలి కాబట్టి తెచ్చానంది.

మిల్లు ఊరి ఉత్తరం చేత్తో రాసి ఉంది. రాసినామె అక్కడ లాడ్జి నడుపుతుందట. మిల్లు ఆగి పదకొండేళ్ళయింది, అప్పట్నుంచి మా ఊళ్ళో చప్పుడన్నదే లేదు, ఇంత ప్రశాంతమైన ఊరు మీకెక్కడా దొరకదు అని రాసింది. నేత షెడ్డుకి వాడుక లేదని మునిసిపాలిటీ వాళ్ళు డిసెంబర్‌లో పడగొడతారట. ఏదో ఒక వాడుక చూపిస్తే ఉంచుతారట. మా నాన్న, మా అమ్మ, ఊళ్ళో సగం మంది ఆ షెడ్డులోనే ముసలివాళ్ళయ్యారు, ఒక్కసారి వచ్చి చూడండి అని చివర్న రాసింది.

రెండుసార్లు చదివాను. చూపులకి వెళ్ళాలని చెప్పాను. చెల్లి నిట్టూర్చింది.

జూలై 13

ఉత్తరాల సంగతి పక్కన పెడితే నా అసలు పని హాల్లో కూర్చోవడం.

ఆరేళ్ళ కిందట ఒక హాలు ఖాయం చేశాం. పొద్దున పదింటికి చూస్తే సూది పడినా వినపడేలా ఉంది. టోర్నమెంటు రోజు మూడింటికి రౌండ్ మొదలైంది. పై అంతస్తులో డాన్సు స్కూలు కూడా మూడింటికే మొదలైంది. అప్పుడు తమ్ముడు ఒక పద్ధతి పెట్టాడు. రౌండ్ ఏ వేళకి మొదలవుతుందో ఆ వేళకి వెళ్ళి, రౌండ్ ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఒక మనిషి ఖాళీ హాల్లో కదలకుండా కూర్చోవాలి. వినపడ్డ ప్రతిదీ టైముతో సహా రాయాలి. నాలుగు గంటలు కదలకుండా కూర్చునే మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే. చిన్నప్పుడు ప్రార్థనలో కూర్చుంటే ముక్కు మీద ఈగ వాలినా కదిలేదాన్ని కాదని అమ్మ అందరికీ చెప్పుకునేది.

ఇవాళ కాలేజీ ఆడిటోరియంలో కూర్చున్నాను. గోడ వెనక లిఫ్టు. ఇరవై ఆరు సార్లు.

ఆ కాగితం ఫైల్లో పెట్టేశాను.

జూలై 16

రిసార్ట్. నేలంతా తివాచీ. చప్పుడు లేదు. వెలుతురు తక్కువ, పచ్చటి దీపాలు, పావు నీడ పక్క గడిలో పడుతోంది. బల్బులు మార్చుకోవచ్చు.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ఈ ఏడాది వాళ్ళకి ఇది పద్నాలుగో ఈవెంటట. ఏ ఆట అని మాత్రం అడగలేదు.

జూలై 19, శుక్రవారం

మిల్లు ఊరు. నేనూ తమ్ముడూ వచ్చాం.

బస్సు దిగేసరికి పదిమంది పోట్లాడుకుంటున్నారు. తమ్ముడు నన్ను వెనక్కి లాగాడు. తీరా చూస్తే పోట్లాట కాదు, మాకు స్వాగతం చెప్పడానికి వచ్చినవాళ్ళు.

ముందున్న పెద్దాయన్ని ఊరంతా మేస్త్రి అంటారు. డెబ్బై దాటాయి. మిల్లులో నూట అరవై మగ్గాలకి మేస్త్రి, ఇప్పుడు ఊరి కమిటీకి పెద్ద. నాకు మూరెడు దూరంలో నిలబడి, ఏటి అవతలి గట్టున ఉన్నదాన్ని పిలిచినట్టు, రండి చెల్లెమ్మా, ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడిగాడు. నా చేతిలో సంచీ అదిరింది. ఉత్తరం రాసింది ఆయన కూతురే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఆ పిల్లదీ అదే గొంతు. అరిస్తేనే జవాబు దొరికే ఇంట్లో మాటలు నేర్చుకుంది మరి.

ఊరంతా అంతే. నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులు. కూరగాయల కొట్టు ఆమె పక్కింటామె చెవి దగ్గర నోరు పెట్టి రహస్యం చెప్పింది. వీధి ఈ పక్క నుంచి నేను విన్నాను. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో ఇప్పుడు నాకు తెలుసు.

విచిత్రమేమిటంటే ఎవరికీ ఆ సంగతి తెలియదు. మిల్లు ఆగాక ఊరు మూగబోయిందని నిజంగానే అనుకుంటున్నారు. మేస్త్రి కూతురు వీధి చివర నిలబడి, వింటున్నారా మేడమ్, ఎంత ప్రశాంతంగా ఉందో అంది. పిట్ట ఒకటి ఎగిరిపోయింది.

నలభై ఇళ్ళు చూపించింది. ప్రతి ఇంట్లో ఒక గది ఆడపిల్లల కోసం సిద్ధం. వెల్ల వేసిన గోడలు, ఉతికిన దుప్పట్లు, కిటికీ దగ్గర బల్ల. ఆడేవాళ్ళకి ఇలా ఉంటే చాలా మేడమ్, ఇంకేమైనా కావాలా అని ప్రతి గదిలోనూ అడిగింది.

లాడ్జిలో మాకు చెరో గది. సాయంత్రం గోడ అవతల మేస్త్రి తన భార్యతో గుట్టుగా మాట్లాడుతున్నాడు. ఆ పెద్దావిడ హెడ్‌మిస్ట్రెస్‌లా ఉందే, నవ్వించాలన్నా భయమేస్తోంది, తమ్ముడు మంచివాడే గానీ వాగుడు కాస్త ఎక్కువ అన్నాడు. కాసేపటికి తమ్ముడు నా తలుపు తట్టాడు. అక్కా, నేను ఎక్కువ వాగుతానా అని అడిగాడు. వాడి గది రెండు గోడల అవతల.

జూలై 20

నేత షెడ్డు తెరిచారు.

ఇలాంటి వెలుతురు ఏ హాల్లోనూ చూడలేదు. పైకప్పు రంపం పళ్ళలా ఉంది, ప్రతి పన్నుకీ ఒక పక్కే అద్దం. ఎండ సూటిగా లోపలికి రాదు, వెలుగు మాత్రం వస్తుంది. నేల మీద చెయ్యి పెట్టాను, నీడ పడలేదు. దారంలో ముడి కనపడాలిగా చెల్లెమ్మా, అందుకే అలా కట్టారు అని గడప బయటి నుంచే చెప్పాడు మేస్త్రి. మగ్గాలు లేవు, వాటి బోల్టుల గుర్తులున్నాయి. తమ్ముడు ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచి అడుగులు లెక్కపెట్టాడు. అరవై బల్లలు పట్టి ఇంకా చోటు మిగులుతుంది.

మూడింటికి ముందు మామూలుగా చెప్పినట్టే చెప్పాను. పరీక్ష వేళ హాల్లో నేను తప్ప ఎవరూ ఉండకూడదు. మహా మర్యాదగా అందరూ బయటికి వెళ్ళి పెరట్లో నిలబడ్డారు. అరవై మంది ఉంటారు.

కాగితం మీద రాసింది ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

3.00 కూర్చున్నాను.
3.06 బయట: ఆవిడ కూర్చుంది.
3.07 బయట: ష్, ఎవరూ మాట్లాడకండి. (అన్నిటికన్నా గట్టిగా వినపడింది ఇదే.)
3.40 బయట: నిద్రపోయినట్టుందే.
3.41 నిద్ర కాదు, ప్రార్థన చేసుకుంటోంది.
3.42 మన కోసమేనా?
3.42 మన కోసమే అయ్యుంటుంది, మంచి మనిషిలా ఉంది.
4.15 కూరగాయల కొట్టు ఆమె కోడలు సంగతి మళ్ళీ, వివరంగా.
5.30 మేస్త్రి: ఇంత నిశ్శబ్దం ఆవిడ జన్మలో చూసి ఉండదు.

అక్కడ కలం ఆగింది. నవ్వు వచ్చింది, దాని వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఏడింటికి బయటికి వచ్చాను. అరవై ముఖాలు నా వైపు తిరిగాయి. ఎలా ఉందమ్మా అన్నారు. వెలుతురు చాలా బాగుంది అన్నాను. అంతే అన్నాను. మేస్త్రి కూతురు దారిలో చదువుకోమని నాకు మిల్లు చరిత్ర పుస్తకం ఇచ్చింది.

జూలై 22

రిపోర్టు రాశాను. వెలుతురు: ఇంతకన్నా మంచిది లేదు. చోటు: బాగుంది. బస: బాగుంది. మనుషులు: చాలా మంచివారు. ధ్వని: పనికిరాదు.

తమ్ముడు చదివాడు. రిసార్ట్‌కే పోదాం అన్నాడు. ఆ కాగితం మీద ఇన్నేళ్ళలో నేను ఒక్క అబద్ధం రాయలేదు. వాడూ రాయమనలేదు.

జూలై 23

ప్రార్థనలో మనసు నిలవలేదు.

జూలై 25

రిపోర్టు నకలు చెల్లి ఆ ఊరికి పంపింది. రూలు ప్రకారం పంపాలి.

మేస్త్రి కూతురు ఫోను చేసింది. మేడమ్, మా ఊళ్ళో ఏం చప్పుడు విన్నారు, చెప్తే ఆపించేస్తాను, పంపు మోటారా, కుక్కలా, పక్క ఊరి పిండిమరా అని వరసగా అడిగింది. ఫోను చెవికి దూరంగా పెట్టుకునే విన్నాను. కింద జిరాక్స్ షాపులో మిషన్ ఆగింది. వాళ్ళూ వింటున్నారు.

చివరికి చెప్పాను. మీ మాటలేనమ్మా అన్నాను. మీరందరూ చాలా గట్టిగా మాట్లాడతారు అన్నాను.

ఇన్నేళ్ళలో మాకెవరూ చెప్పలేదు అంది. ఆ మాట ఎంత చిన్న గొంతుతో అందంటే, ఫోను చెవికి ఆనించుకోవాల్సి వచ్చింది.

జూలై 26

చెల్లి నన్ను కడిగేసింది. ఆ రోజు అక్కడే ముఖం మీద చెప్పి ఉంటే ఏం పోయేది, వెలుతురు బాగుందని చెప్పి బస్సెక్కి వచ్చావా, వాళ్ళు వారం రోజులు ఆశ పెట్టుకున్నారు, మాటలు అంత పొదుపుగా దాచుకుని ఏం చేసుకుంటావు పెద్దక్కా అంది.

నిజమే. నాకు మౌనం సులువు. సులువైనదాన్ని మంచితనం అనుకుంటూ వచ్చాను.

జూలై 30, మంగళవారం

మేస్త్రి, కూతురు ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, గుండీ మెడ దాకా. తమ్ముడు కుర్చీ చూపించాడు. ఆయన కూర్చున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. టీ తెప్పిస్తే తల ఊపాడు.

ఆ తర్వాత ఆయన చేతులు లేచాయి. రెండు వేళ్ళు కలిపి విడదీశాడు, అరచెయ్యి తిప్పాడు, పెదాలు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు. కూతురు ఆయన ముఖం మీద చూపు తిప్పకుండా, వీలైనంత చిన్నగా మాకు చెప్పసాగింది. ఆ చిన్న గొంతు కోసం ఆ పిల్ల పడ్డ కష్టానికి మెడ మీద నరం లేచింది.

మగ్గాలు తిరుగుతుంటే షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదట. అందుకని లోపల అందరూ చేతులతో, పెదాలతోనే మాట్లాడుకునేవారట. పెళ్ళి కబుర్లు, తిట్లు, సరసాలు అన్నీ అలాగే. గొంతు వాడటం బయటికి వచ్చాకే. లోపల నోరు పెగలదు చెల్లెమ్మా, నలభై ఏళ్ళ అలవాటు, ఇప్పటికీ ఆ గడప దాటితే మాట ఆగిపోతుంది అన్నాడు. మీరు మర్యాదకి మమ్మల్ని బయటికి పొమ్మన్నారు, మేం మర్యాదకి వెళ్ళాం, అదే కొంప ముంచింది, లోపల ఉండనిచ్చి ఉంటే మీకు మా ఊపిరి కూడా వినపడేది కాదు అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. హాలు ఖాళీగా ఉండాలన్న రూలు వాడు పెట్టిందే.

ఇంకొకసారి కూర్చోండి, మమ్మల్ని లోపల ఉంచుకుని కూర్చోండి అని అడిగాడు మేస్త్రి. సంఘం మీటింగు తొమ్మిదో తారీఖున. శనివారం వస్తానని చెప్పాను. వెళ్ళేటప్పుడు మెట్ల మీద నుంచి ఆయన గొంతు వినపడింది. ఆవిడ మనిషి మంచిదే, నేను ముందే చెప్పలా అంటున్నాడు. వీధి వీధంతా విన్నది.

ఆగస్టు 3

3.00 నుంచి 7.00. ధ్వని: లేదు.

అరవై మంది గడప దాటారు. దాటేటప్పుడు చివరి మాట సగంలో ఆగిపోవడం నా చెవులతో విన్నాను. ఎవరి మగ్గం ఉన్న చోట వాళ్ళు నిలబడ్డారు, కాళ్ళు నొచ్చిన వాళ్ళు కూర్చున్నారు. ఆ తర్వాత నాలుగు గంటలూ వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. షెడ్డు ఈ చివర వేసిన జోకు ఆ చివరికి వెళ్ళడం, అక్కడ భుజాలు కదలడం చూశాను. కూరగాయల కొట్టు ఆమె పొడుగ్గా ఏదో చెప్పింది. అది కోడలి సంగతేనని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది.

మేస్త్రి చూపుడు వేలితో నన్ను చూపించి, తర్వాత వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసి, గడ్డం పైకెత్తాడు. అందరూ భుజాలు కదిపారు. నేనూ కదిపాను. ఆయన కంగారుపడి చేతులు జోడించాడు.

కళ్ళు మూసుకోకుండా ప్రార్థన చేశాను ఇవాళ.

ఆగస్టు 5

చీఫ్ ఆర్బిటర్ ఫోను చేసింది. కొత్త రిపోర్టు చదివిందట. ధ్వని సరే, ఆడే హాల్లో అరవై మంది చేతులతో సైగలు చేస్తుంటారా, మీకేమైనా మతి పోయిందా అంది. ఒక అమ్మాయి తల ఎత్తి చూస్తే, ఎవరో గుర్రాన్ని కదపమని చెప్పారని ఎదుటి అమ్మాయి కంప్లయింట్ ఇస్తుంది, నేనేం జవాబు చెప్పాలి అంది. కన్ను గీటినా ఊరుకోని మనిషి ఆమె.

ఆమె మాట న్యాయమైనదే. ఇన్నేళ్ళు టోర్నమెంట్లలో ఉండి నాకు తట్టలేదు. అంతసేపు ఆ చేతుల్ని చూసి మురిసిపోయాను తప్ప ఆ ఆలోచన రాలేదు.

బయట ఉంటే గొంతు. లోపల ఉంటే చేతులు.

ఆగస్టు 6

ఈసారి దాచుకోలేదు. పొద్దున్నే నేనే ఫోను చేసి, మేస్త్రి కూతురికి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆర్బిటర్ ఏమంది, ఎందుకంది, తప్పు నాది ఎలా అయింది, అన్నీ. నా జీవితంలో ఫోనులో అంతసేపు మాట్లాడలేదు.

సరే అక్కా, ఆలోచిస్తాం అంది. మేడమ్ అన్న పిలుపు పోయింది.

గంటకి మళ్ళీ ఫోను. పెరటి అవతల స్పిన్నింగ్ షెడ్డు ఉందట. గోడలు గట్టివి, కప్పు బాగానే ఉంది, కిటికీలు రెండో పక్కకి. అక్కడి నుంచి ఆట హాలు కనపడదు. అది కూడా మిల్లు లోపలే కదా అక్కా, ఆ గడప దాటినా నోళ్ళు ఆగిపోతాయి, మూడింటి నుంచి ఊరంతా అందులో కూర్చుంటుంది, చేతులతో ఎంత మాట్లాడుకుంటే ఎవరికి నష్టం అంది.

తొమ్మిది రోజులు, రోజుకి నాలుగు గంటలు, ఊరు ఊరంతానా అన్నాను.

నలభై ఏళ్ళు రోజుకి ఎనిమిది గంటలు వెళ్ళినవాళ్ళే కదా అంది.

ఆగస్టు 9

మీటింగు. తమ్ముడు మామూలుగా అరగంట మాట్లాడతాడు. ఇవాళ రెండు రిపోర్టులూ, రిసార్ట్ రిపోర్టూ చదివి కూర్చున్నాడు. ఒక్క ఓటు తేడాతో మిల్లు గెలిచింది. ఆర్బిటర్ వ్యతిరేకంగా వేసింది. వేసి, ఆ స్పిన్నింగ్ షెడ్డు తలుపులు కిర్రుమనకుండా నూనె పెట్టించండి అని నాకు చెప్పింది.

చెల్లి వాళ్ళ ఆఫీసు షరతు పెట్టింది. తొమ్మిది రౌండ్లలో చప్పుడు గురించి ఒక్క కంప్లయింట్ కూడా రాకపోతే మూడేళ్ళ ఒప్పందం రాస్తారు, అప్పుడు మునిసిపాలిటీ షెడ్డు జోలికి రాదు. ఒక్కటి వచ్చినా డిసెంబర్‌లో కూల్చివేత. ఇంతకన్నా మెత్తగా మా పైవాళ్ళు ఒప్పుకోలేదు పెద్దక్కా అంది. దాని కళ్ళ కింద నలుపు చూశాను. ఎంతమందితో పోట్లాడిందో చెప్పలేదు.

అక్టోబర్ 4

మొదటి రౌండ్. రెండున్నరకి వీధుల్లో తలుపులు మూసిన చప్పుళ్ళు. పావు తక్కువ మూడుకి ఊరంతా బారుగా మిల్లు గేటులోకి నడిచింది. అరవై కాదు, రెండు వందల పైన. కొందరు కర్రలతో వచ్చారు, ఒకావిడని కుర్చీతో సహా మోసుకొచ్చారు. గేటు దాకా గోల. గడప దగ్గర తెగిపోయింది.

మూడింటికి గడియారాలు నొక్కారు.

అక్టోబర్ 6

పొద్దున భోజనాల దగ్గర ఆడపిల్లలు కూడా అరవడం మొదలుపెట్టారు. ఉప్పు అందించు ఆంటీ అని ఒక పిల్ల పెట్టిన కేకకి తమ్ముడు పక్కింట్లోంచి ఉప్పు తెచ్చాడు.

అక్టోబర్ 7

నాలుగో రౌండ్ మధ్యలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తి ఆర్బిటర్‌ని పిలిచింది. చప్పుడు గురించి చెప్పాలట. ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు భయమేస్తోంది అందట.

ఆర్బిటర్ ఆలోచించి, అది కంప్లయింట్ కిందకి రాదని తేల్చింది.

అక్టోబర్ 9

3.50 పక్క ఊరి గిన్నెల వ్యాపారి వీధిలోకి వచ్చి కేక వేశాడు. వీధిలో పురుగు లేదు. రెండో కేక వేయడానికి అతనికే ధైర్యం చాలలేదు.

అక్టోబర్ 12, శనివారం

చివరి రౌండ్.

నేను స్పిన్నింగ్ షెడ్డులో తలుపు దగ్గర కూర్చున్నాను. నాలుగున్నరకి చెల్లి వచ్చింది. చేతిలో కవరు. ముఖం చూస్తే తెలిసిపోయింది. లోపలికి అడుగుపెట్టి నోరు తెరవబోయింది. రెండు వందల మంది ఒక్కసారి పెదాల మీద వేలు పెట్టారు. చెల్లి తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

కవరు మేస్త్రి కూతురు చేతికి ఇచ్చింది. ఆ పిల్ల చదివింది. రెండోసారి చదివింది. బెంచీ ఎక్కి నిలబడింది. చేతులు పైకెత్తింది. ఏం చెప్పిందో నేను రాయలేను, ఆ చేతులకి ఇక్కడ అక్షరాలు లేవు. మూడు వేళ్ళు చూపించింది, అది మూడేళ్ళని తెలిసింది. ఆ తర్వాత అరచేతులు రెండూ నేలకి ఆనించినట్టు పెట్టి కదలకుండా ఉంచింది. షెడ్డు నిలబడుతుంది.

వార్త ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి చేతుల మీద వెళ్ళింది. చూపు ఆనని వాళ్ళకి పక్కవాళ్ళు అరచేతిలో రాసి చెప్పారు. మేస్త్రి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చొక్కా చేతిని నోట్లో కుక్కుకున్నాడు. కూరగాయల కొట్టు ఆమె ఎవరినో పట్టుకుని ఏడుస్తోంది. పట్టుకున్నది కోడలిని. ఇంత మంది ఏడుస్తూ, నవ్వుతూ ఉన్నారు, నాకు నా గుండె చప్పుడు మాత్రం వినపడుతోంది.

అవతల ఇంకా ఒక బోర్డు మిగిలింది. రాజు, ఏనుగు, ఒక బంటు. ఆ ఇద్దరు పిల్లలూ తేల్చరు. అయిదయింది. ఆరయింది. ఆట ముగిసేలోపు కంప్లయింట్ వస్తే సంతకాలు పడ్డ ఆ కాగితం కూడా చెల్లదు. ఎవరూ కదల్లేదు. రెండు వందల మంది సంతోషాన్ని గొంతులో పట్టుకుని కూర్చున్నారు. చెల్లి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ప్రార్థనలో నిద్ర వచ్చినప్పుడు పట్టుకున్నట్టు.

7.20కి తమ్ముడు తలుపు దగ్గరికి వచ్చి తల ఊపాడు. ఇద్దరు పిల్లలూ చేతులు కలిపారు. డ్రా. ఆర్బిటర్ గడియారాలు ఆపింది.

లేచి, తలుపు బార్లా తీశాను.

అక్టోబర్ 13

తిరుగు బస్సు. నేను టికెట్ అడిగితే కండక్టర్ చెవి రుద్దుకున్నాడు. పక్కనే ఉన్నాను కదమ్మా, అంత కేక ఎందుకు అన్నాడు. వెనక సీట్లో తమ్ముడు నవ్వాడు. తలుపు తీశాక ఊరు పెట్టిన కేకలకి చెవులు ఇంకా గింగురుమంటున్నాయి, ఆ నవ్వు నాకు సరిగా వినపడలేదు.